తొమ్మిది వరుసల పేజీ

చలపతిరావు గారి గురించి రాయాలంటే ఆయన మీద నాకొచ్చిన కోపం దగ్గరే మొదలుపెట్టాలి. డెబ్బై రెండేళ్ల పెద్దమనిషి. అప్పుడే కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. అటువంటి మనిషిని ఆయన ఇంట్లోనే, ఆయన భార్య ముందే, నోటికొచ్చినట్టు అన్నాను. ఇవాళ నేను యూనిఫాం వేసుకుని వార్డులో నిలబడ్డానంటే, ఆ రోజు ఆయన నా నోటికి లొంగకపోవడమే కారణం. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. నన్ను నేను మంచిదాన్నిగా చూపించుకోవడానికి ఇది రాయడం లేదు.

నా పేరు జాయ్స్. నర్సును. మాది బాలానగర్, నాన్న మోషే అక్కడే లేత్ మెషిన్ మీద పనిచేసి మమ్మల్ని చదివించాడు. గచ్చిబౌలి వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. పేరు చెప్పను, మళ్లీ అక్కడే పనిచేస్తున్నాను కదా. ఏడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా వార్డులో ఒక పెద్దాయన మంచం మీద నుంచి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. పడింది రెండూ ఇరవై అయిదుకని రిపోర్టు రాశారు. నేను అంతకు పది నిమిషాల ముందే, రెండూ పదిహేనుకే, తర్వాతి నర్సు రేఖకు డ్యూటీ అప్పగించి రిజిస్టరులో రాసి వెళ్లిపోయాను.

చిక్కంతా ఆ రాతలోనే వచ్చింది. నేను మొదట రెండూ ముప్పై అయిదు అని రాసి, కొట్టేసి, పైన రెండూ పదిహేను అని దిద్దాను. ఎందుకంటే మా వార్డు గోడ గడియారం ఇరవై నిమిషాలు ముందుండేది. టైమైపోయినా రోగుల్ని చూడటానికి వచ్చినవాళ్లు కదలరని, మా ఇన్‌ఛార్జి జయలక్ష్మి సిస్టరే దాన్ని ముందుకు తిప్పి పెట్టింది. గోడ మీద చూసి రాసెయ్యడం, తర్వాత గుర్తొచ్చి నాలుక్కరుచుకుని దిద్దడం మాకందరికీ అలవాటే. ఆసుపత్రి వాళ్లు మాత్రం, మనిషి పడ్డాక నేను తప్పించుకోవడానికి టైము మార్చానన్నారు. నిర్లక్ష్యం అని కాగితం మీద రాసిచ్చి పంపించారు. రేఖ ఆ నెలలోనే దుబాయ్ వెళ్లిపోయింది.

నిర్లక్ష్యం అన్న మాట ఉన్న కాగితం చేతిలో ఉంటే ఏ ఆసుపత్రీ నర్సును లోపలికి రానివ్వదు. కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ముసలివాళ్లకు బీపీలు చూస్తూ, డైపర్లు మారుస్తూ ఆరేళ్లు గడిపాను. ఆ పని తక్కువని కాదు. కానీ నర్సింగ్ చదివినదాన్ని అందరూ 'కేర్ టేకర్' అని పిలుస్తుంటే ఒళ్లు మండేది.

లేబర్ కోర్టు నన్ను నమ్మింది. జయలక్ష్మి సిస్టర్ వచ్చి గడియారం సంగతి సాక్ష్యం చెప్పింది. జడ్జి గారు అసలు రిజిస్టరు తెప్పించుకుని చూసి, నా ఉద్యోగం నాకు ఇవ్వమన్నారు. ఆసుపత్రి వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. అక్కడ మొదట ఒక జడ్జి, తర్వాత అప్పీల్లో ఇద్దరు జడ్జీలు, గడియారం కథ తర్వాత అల్లిందని, దానికి రాతపూర్వకమైన ఆధారమేదీ లేదని కొట్టేశారు. ఇక మిగిలింది సుప్రీంకోర్టు. మా హైకోర్టు లాయరు, ఢిల్లీకి వెళ్లే ముందు కేపీహెచ్‌బీ కాలనీలో చలపతిరావు గారిని కలవమన్నాడు.

ఆయన లాయరు కాదు. తెనాలి దగ్గర ఒక పల్లె నుంచి ఇరవై రెండేళ్ల వయసులో వచ్చి, హైకోర్టు నకళ్ల విభాగంలో చేరి, ముప్పై ఆరేళ్లు ఒకే పని చేశారు. తీర్పుల నకళ్లు అసలుతో సరిపోయాయో లేదో చూసి సంతకం పెట్టడం. ఒకరు అసలు చదవాలి, ఒకరు నకలు మీద వేలు పెట్టి ప్రతి మాటా చూడాలి. కామా ఉంటే కామా అని చదవాలి, కొట్టివేత ఉంటే కొట్టివేత అని చదవాలి. రిటైరయ్యాక తెలుగువాళ్ల కేసులకు ఢిల్లీ లాయర్ల కోసం కాగితాలు తయారుచేస్తున్నారు. తెలుగు సాక్ష్యాలను ఇంగ్లీషులోకి మార్చడం, మసకబారిన పేజీలు మళ్లీ టైపు చేయడం, తారీఖులన్నీ వరసలో పెట్టడం ఆయన పని. మేడ మీద ఒక గది, రెండు పాత కంప్యూటర్లు, ఒక భూతద్దం. కింద టిఫిన్ సెంటరు, ఎదురుగా ఐటీ అమ్మాయిల హాస్టలు. సందంతా పొద్దున్నే దోసెల వాసన.

మొదటి రోజు ఆయన నన్ను నిలబెట్టి కేసు చెప్పమన్నారు. నలభై నిమిషాలు చెప్పాను. ఏడ్చాను కూడా. నలభై నిమిషాలయ్యేసరికి నేనింకా ఆసుపత్రిలో చేరిన రెండో ఏడాది దగ్గరే ఉన్నాను. ఆయన భార్య నాగేశ్వరి గారు మజ్జిగ తెచ్చిచ్చారు. అప్పుడు చలపతిరావు గారు, సుప్రీంకోర్టులో నాకు దొరికేది రెండు నిమిషాలని, మహా అయితే మూడని చెప్పారు.

"గిదేంది సార్, ఆరేండ్ల గోస రెండు నిమిషాల్ల చెప్పాల్నా?" అన్నాను.

"అక్కడ మనం మొదట అడిగేది న్యాయం కాదమ్మా. మా మాట వినండి అని అనుమతి అడుగుతాం, అంతే. వినాలన్న నిర్బంధం వాళ్లకు లేదు" అన్నారు.

తర్వాత ఓపిగ్గా వివరించారు. సోమ, శుక్రవారాల్లో కొత్త కేసులు వస్తాయి. ఇద్దరు జడ్జీల ముందు ఒక్క రోజే అరవై, డెబ్బై దాకా ఉంటాయి. వాళ్లు ముందే ఇంట్లో ఫైళ్లు చదువుకుని వస్తారు. ఎక్కువ భాగం ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. కొట్టేశారంటే కింది తీర్పు రైటని ముద్ర వేసినట్టు కాదు, ఈ కేసు మేం చేపట్టలేదని మాత్రమే. నాకు అన్యాయం జరిగిందంటే చాలదట, అక్కడికి వచ్చేవాళ్లంతా ఆ మాటే అంటారు. నా కేసులో పదిమందికీ పనికొచ్చే ప్రశ్న ఏదైనా ఉందా అని చూస్తారు. నా కేసులో ఉందని ఆయనే వెతికి పట్టుకున్నారు. సాక్షుల్ని ఎదురుగా చూసి, అసలు రిజిస్టరు చేత్తో పట్టుకుని చూసి లేబర్ కోర్టు తేల్చిన సంగతిని, అవేవీ చూడని పై కోర్టు తిరగతోడవచ్చా అన్నది ఆ ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న కోసం నా ఆరేళ్లను ఒకటిన్నర పేజీకి కుదించారు. నా కన్నీళ్లు ఒక్క లైనులోకి కూడా ఎక్కలేదు. చదివి చిన్నబుచ్చుకున్నాను. మళ్లీ చదివితే మొదటిసారి నా కేసు నాకే అర్థమైంది.

ఢిల్లీలో జయంతి గారనే లాయరమ్మ దాన్ని వేశారు. వేసిన వారానికి కోర్టు ఆఫీసు నుంచి లోపాల జాబితా వచ్చింది. పదకొండు పేజీలు మసకగా ఉన్నాయి, చదవడానికి వీల్లేదు, స్పష్టమైనవి పెట్టండి అని. సరిగ్గా అప్పుడే చలపతిరావు గారికి కంటి ఆపరేషన్. రెండు వారాలు కంప్యూటరు వంక చూడొద్దన్నారు. గడువేమో పరుగెత్తుతోంది. నా తమ్ముడు కిరణ్ పాల్ మాదాపూర్‌లో ఒక కంపెనీలో, ఫొటోల్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. "అక్కా, గిదొక పనా, జర నాకియ్యి" అన్నాడు. మధ్యాహ్నం టీ తాగేలోపు పదకొండు పేజీలూ తళతళలాడుతూ వచ్చాయి. మరకల్లేవు, మసకల్లేవు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నేను వాడికి బిర్యానీ కూడా తినిపించాను. పేజీల కింద 'నిజమైన నకలు' అని ఉన్నచోట సంతకం పెట్టి పంపించాను. ఆఫీసు వాళ్లు ఒప్పుకున్నారు. కేసు సోమవారానికి వచ్చింది.

దానికి ముందు శుక్రవారం సాయంత్రం చలపతిరావు గారు కబురు పెట్టారు. పేజీలు సరిచూడాలట. వెళ్లిపోయిన కాగితాలను ఇప్పుడు చూసేదేంటని విసుక్కుంటూనే మెట్లెక్కాను. ఆయనకో పద్ధతి ఉంది. కేసు ఎవరిదో వాళ్లే నకలు మీద వేలు పెట్టాలి. ఇంకొకరి వేలు ఒప్పుకోరు. ఆయన ఒక కన్ను భూతద్దానికి ఆనించి, కోర్టు ఇచ్చిన పాత మసక కాపీ చదువుతున్నారు. నేను కిరణ్ పాల్ తీసిన కొత్త పేజీ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పది పేజీలు బాగానే సాగాయి. పదకొండోది రిజిస్టరు పేజీ. అందులో తొమ్మిది వరుసలు.

ఒకటో వరుసలోనే ఏదో కొట్టివేత చదివారు. నా పేజీలో అదేమీ లేదు. నేను పట్టించుకోలేదు. మూడో వరుసలోనూ అంతే. నాలుగో వరుస నాది. "రెండూ ముప్పై అయిదు, కొట్టివేత, పైన రెండూ పదిహేను" అని చదివారు. నా వేలి కింద రెండూ పదిహేను ఒక్కటే ఉంది. కొట్టివేత గీత లేదు, ముప్పై అయిదు లేదు. ఆ సాఫ్ట్‌వేరు దాన్ని మరక అనుకుని తుడిచేసింది.

వెంటనే ఒక ఆలోచన వచ్చింది, దాచను. ఇంత శుభ్రంగా ఉన్న పేజీ జడ్జీల చేతిలో ఉంటే, దిద్దుబాటు ఎక్కడుందని వాళ్లే హైకోర్టును తప్పుపడతారు కదా అనిపించింది. మనం కావాలని చేశామా, మెషిన్ చేసింది, ఉండనివ్వండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. జయంతి గారికి ఫోన్ చేసి, ఉన్న పేజీ తీసేసి నిజమైన పేజీ పెట్టాలని, ఎందుకు మారిందో అఫిడవిట్ ఇవ్వాలని చెప్పారు. అంటే సోమవారం నా లాయరే లేచి, మేమిచ్చిన కాగితం సరైనది కాదండీ అని మొదలుపెట్టాలి. ఉన్న రెండు నిమిషాలూ దానికే సరిపోతాయి. కేసు చేతులారా పోగొడుతున్నారనిపించింది.

"సార్, మీరు నా దిక్కా, దవాఖాన దిక్కా? మీ కండ్లు బాగయినయని నా బతుకు మీద ప్రయోగం చేస్తున్నరా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయడానికి సిగ్గుగా ఉంది. నాగేశ్వరి గారు గుమ్మంలో అలాగే నిలబడిపోయారు.

ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు ఏడిస్తే వాళ్లకు కనబడదమ్మా, నేను ముసలాణ్ణని వాళ్లకు తెలియదు. వాళ్ల ముందుండేది కాగితం ఒక్కటే. జ్వరం నూట మూడు ఉంటే, చూడ్డానికి బాగుండదని పేషెంటు చార్టులోంచి చెరిపేస్తావా?" అన్నారు.

బ్యాగు తీసుకుని వచ్చేశాను. మెట్రోలో బాలానగర్ దాకా నిలబడే వెళ్లాను, సీట్లు ఖాళీగా ఉన్నా. ఇంటికి చేరేసరికి జయంతి గారి ఫోన్. అవతలివాళ్లు అసలు రిజిస్టరు చూపిస్తే, కాగితం మార్చిందన్న పేరు జీవితాంతం నా నెత్తిన ఉంటుందని మెత్తగానే చెప్పారు. శనివారం పొద్దున్న మళ్లీ కేపీహెచ్‌బీ వెళ్లాను. మంచితనంతో వెళ్లలేదు, భయంతో వెళ్లాను. చార్టు మాట కూడా లోపల గుచ్చుతూనే ఉంది, అది వేరే సంగతి.

నాగేశ్వరి గారు ఏమీ జరగనట్టే ఇడ్లీ పెట్టారు. చలపతిరావు గారు నిన్న ఆపినచోట వేలు పెట్టమన్నారు. అఫిడవిట్ రాస్తే చాలదా సార్ అంటే, ఇంకా అయిదు వరుసలున్నాయన్నారు. అవి వేరేవాళ్లవి కదా అన్నాను. "పేజీ నీదే కదమ్మా" అన్నారు.

ముఖం మాడ్చుకుని వేలు పెట్టాను. అయిదో వరుస. ఎనిమిదీ ఇరవై అయిదు, కొట్టివేత, ఎనిమిదీ అయిదు. ఆరో దాంట్లో దిద్దుబాటు లేదు. ఏడో వరుస. ఎనిమిదీ నలభై, కొట్టివేత, ఎనిమిదీ ఇరవై.

నా వేలు ఆగిపోయింది. మందుల డోసులు రోజూ లెక్క వేసుకునేదాన్ని, తీసివేత నాకు పెద్ద పనా? సార్, ఒకటో వరుస మళ్లీ చదవండి అన్నాను. ఎనిమిదీ ఇరవై, కొట్టివేత, ఎనిమిది. మూడోది చదవండి. ఎనిమిదీ ముప్పై, కొట్టివేత, ఎనిమిదీ పది. తొమ్మిదో వరుస నేనే భూతద్దం లాక్కుని చూశాను. అక్కడా ఇరవై నిమిషాలే. తొమ్మిది వరుసల్లో ఆరింటికి దిద్దుబాటు ఉంది, ఆరింటికీ తేడా సరిగ్గా ఇరవై నిమిషాలు. దిద్దని మూడింటి కిందా జయలక్ష్మి సిస్టర్ సంతకం. గడియారం తిప్పింది ఆవిడే కాబట్టి ఆవిడ ఏనాడూ పొరబడలేదు.

గడియారానికి రాతపూర్వకమైన ఆధారం లేదన్నారు. ఆరేళ్లుగా అది ఫైల్లోనే ఉంది. మూడు విచారణల్లోనూ లాయర్లు, ఆసుపత్రి వాళ్లు, నేను, అందరం నాలుగో వరుస ఒక్కటే చూశాం. ఆ మనిషి తొమ్మిదీ చదవబట్టి దొరికింది. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి భోరుమన్నాను. ఆయన కంగారుపడి, కంటికి తడి తగలకూడదమ్మా, నన్ను ఏడిపించకు అన్నారు. నాగేశ్వరి గారు నన్ను లేపి ముఖం తుడిచారు.

ఆ మధ్యాహ్నం నోటరీ ముందు అఫిడవిట్ మీద సంతకం పెట్టాను. ముందిచ్చిన పేజీలో గుర్తులు చెరిగిపోయాయని, నా దిద్దుబాటు కూడా అందులో ఉందని, నిజమైన పేజీ ఇదని, తొమ్మిది వరుసలూ చూడమని అందులో ఉంది. రాసింది ఆయన, సంతకం పెట్టిన చెయ్యి నాది. సాయంత్రానికి అది ఢిల్లీ చేరింది.

సోమవారం మాది నలభై ఒకటో నంబరు. చలపతిరావు గారి గదిలో కూర్చుని, జయంతి గారు పంపిన వీడియో లింకులో నేనూ నాగేశ్వరి గారూ చూశాం. ఆయన చూడలేదు. పక్క టేబుల్ దగ్గర జీడిమెట్ల కార్మికుడెవరిదో ఇంకో కేసు పేజీలు సరిచూసుకుంటున్నారు. నలభై నంబర్లలో ముప్పై నాలుగు మా కళ్ల ముందే పోయాయి. ఒక్కొక్కటి పోతుంటే, దాని వెనక ఎక్కడో ఎవరో ఇలాగే కూర్చుని ఉంటారు కదా అనిపించింది.

మా వంతు వచ్చింది. జయంతి గారు అనుకున్నట్టే పేజీ సంగతితోనే మొదలుపెట్టారు. ఆసుపత్రి లాయరు వెంటనే లేచి, చూశారా, దిద్దిందని వాళ్లే ఒప్పుకుంటున్నారు అన్నాడు. పెద్ద జడ్జి గారు కాసేపు తల వంచుకుని చదివారు. తర్వాత ఆసుపత్రి లాయరునే అడిగారు.

"ఈమె తన కోసం దిద్దుకుందన్నారు. మిగతా అయిదు దిద్దుబాట్లు ఎవరి కోసం?"

కనుక్కుని చెబుతానన్నాడు. పక్క జడ్జి గారు, అసలు రిజిస్టరు చూసిన కోర్టు తేల్చినదాన్ని హైకోర్టు ఏ ఆధారంతో కాదన్నదీ చెప్పాలన్నారు. నోటీసు ఇచ్చారు. అంటే తలుపు తెరిచారు, వింటామన్నారు. మొత్తం మూడున్నర నిమిషాలు. నేను దేవుణ్ణి తలచుకుని స్తోత్రం అన్నాను. పక్క టేబుల్ నుంచి చలపతిరావు గారు, ఏమైందమ్మా అని మామూలుగా అడిగారు.

ఎనిమిది నెలల తర్వాత అరగంట సేపు పూర్తిగా విన్నారు. హైకోర్టు తీర్పు పక్కన పెట్టి, లేబర్ కోర్టు మాటే నిలబెట్టారు. నెలలోగా ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. ఇలాంటి కేసుల్లో పై కోర్టు ఎక్కడ ఆగాలో రెండు పేజీలు రాశారు. అది నాలాంటి ఇంకెంతమందికో పనికొస్తుందని జయంతి గారు చెప్పారు. ఆసుపత్రిలో మళ్లీ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు డ్యూటీ దిగగానే తీర్పు కాగితాలు, ఒక స్వీట్ బాక్సు పట్టుకుని కేపీహెచ్‌బీ వెళ్లాను.

ఆయన స్వీటు పక్కన పెట్టి తీర్పు తీసుకున్నారు. పదకొండు పేజీలూ వదలకుండా చదివారు. తొమ్మిదో పేజీలో జడ్జీలు ఒక మాట రాశారు. తనకు నష్టం కలగవచ్చని తెలిసి కూడా అసలు పేజీని తానే కోర్టు ముందుంచిన ఈ నర్సు నిజాయితీని మేము ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాము అని. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నేను తల దించుకున్నాను.

"సార్, గిది నాకు రాసింది కాదు. నేను దాచిపెట్టమని మీ మీద ఒర్రిన. మీ పేరు ఉండాల్సిన కాడ నా పేరుంది" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అఫిడవిట్ మీద సంతకం ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"అయితే కోర్టు వారు సరిగ్గానే రాశారు" అని కాగితాలు నా చేతికిచ్చారు.